రూత్ తర్వాత ఎవరూ లేరన్నది ఎవరు?

టీవీలో బేస్‌బాల్ చూసేవాళ్ళకి ఈ మాట విని విని చెవులు చిల్లులు పడి ఉంటాయి. జపాన్ నుంచి వచ్చిన షోహే ఓతాని ఏం చేసినా సరే, వందేళ్ళ కిందటి దిగ్గజం పేరెత్తి "బేబ్ రూత్ తర్వాత మళ్ళీ ఇతనే" అంటారు. 2022 ఆగస్టు 9న ఓక్లండ్‌లో ఓతాని పిచర్‌గా, అంటే బంతి విసిరేవాడిగా, తన పేరున రాసే ఆ ఏటి పదో గెలుపు అందుకున్నాడు. బ్యాటర్‌గా అతని హోమ్ రన్‌లు (మన సిక్సర్‌లాంటి దెబ్బలు) అప్పటికే ఇరవై దాటాయి. ఇంకేం, ఒకే సీజన్‌లో పది గెలుపులూ పది హోమ్ రన్‌లూ ఉన్నది 1918లో రూత్‌కి, మళ్ళీ 104 ఏళ్ళకి ఓతానికి అంటూ ఊదరగొట్టారు.

ఆ లెక్కలోంచి ఇద్దర్ని ఎగరగొట్టేశారు. 1922లో కాన్సాస్ సిటీ మోనార్క్స్ జట్టులో బుల్లెట్ రోగన్ అదే ఘనత సాధించాడు. 1927లో డెట్రాయిట్ స్టార్స్ జట్టులో ఎడ్ రైల్ సాధించాడు. ఇద్దరూ నల్లజాతివాళ్ళు. అప్పట్లో మేజర్ లీగ్ జట్లు వాళ్ళని గేటు దాటనిచ్చేవి కావు కాబట్టి నీగ్రో లీగ్స్‌లో ఆడారు. ఆ లీగులు కూడా మేజర్ లీగులేనని 2020 డిసెంబరులో మేజర్ లీగ్ బేస్‌బాల్ సంస్థ తానే ప్రకటించింది. ప్రకటించిన రెండేళ్ళ లోపే ఈ పది-పది ఘట్టం వచ్చింది. రోగన్, రైల్‌ల పేర్లు ఎక్కడో చిన్న అక్షరాల్లో వచ్చాయి. తెర నిండా రూత్ బొమ్మే.

నాకు దీనిమీద చాలాకాలంగా ఒక పేచీ ఉంది. బంతి విసరడం, బ్యాటు పట్టడం రెండూ చేసిన ఆటగాళ్ళలో (వీళ్ళని టూ-వే అంటారు) ఎవరు గొప్ప అనే చర్చ ఎప్పుడొచ్చినా దాన్ని రూత్, ఓతాని ఇద్దరి మధ్య పందెంగా పెడతారు. ఆ పందెంలో రూత్ ఉండాల్సినంత పైన లేడని నా వాదన. బేస్‌బాల్ చరిత్రలోనే అందరికన్నా గొప్ప ఆటగాడు రూత్ అంటే నేను కాదనను. ఈ ఒక్క పోటీలో మాత్రం అతనికి నేనిచ్చేది మూడో కుర్చీ.

ముందు ఇది అసలు ఎందుకంత కష్టమో చెప్పాలి, ఎందుకంటే క్రికెట్ చూసి పెరిగిన మనకి ఇందులో వింతేమీ కనపడదు. తెనాలి నుంచి వచ్చి మా ఇంట్లో ఉన్న రోజుల్లో మా నాన్న నాతోపాటు ఓతాని ఆట చూస్తూ, "ఒరేయ్, బౌలింగూ చేస్తాడు, బ్యాటింగూ చేస్తాడు, సరే. మన కపిల్ దేవ్ చేయలేదా? దీనికింత గోలెందుకురా?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. క్రికెట్లో పదకొండుమందీ బ్యాటు పట్టాల్సినవాళ్ళే, కాబట్టి బౌలర్‌కి బ్యాటింగ్ రావడం అదనపు అర్హత. మొన్న 2024 డిసెంబరులో మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి మెల్‌బోర్న్ టెస్టులో ఎనిమిదో నంబరులో దిగి సెంచరీ కొడితే మురిసిపోయాం గానీ, బౌలింగ్ చేసేవాడు బ్యాటింగ్ ఎలా చేశాడబ్బా అని ఎవరూ ముక్కున వేలేసుకోలేదు.

బేస్‌బాల్లో కథ వేరు. ఇక్కడ ఆటకి తొమ్మిది ఇన్నింగ్స్, ఒక్కో ఇన్నింగ్స్‌లో జట్టుకి మూడు ఔట్లు. మొదటి ఇన్నింగ్స్ నుంచి బంతి విసిరే పిచర్ ఒక ఆటలో తొంభై, వంద బంతులు వేస్తాడు, ఒంట్లో ఉన్న సత్తువంతా ప్రతి బంతిలోనూ పెడతాడు. ఆ తర్వాత నాలుగైదు రోజులు మళ్ళీ మౌండ్ (పిచర్ నిలబడే మట్టిదిబ్బ) ఎక్కడు. బ్యాటర్ పని దానికి పూర్తిగా తిరగబడిన పని: ఆరు నెలల్లో 162 ఆటలు, దాదాపు రోజూ, ఊరు మారుతూ, నిద్ర చాలకుండా. ఒకడి పని విశ్రాంతి మీద ఆధారపడింది, ఇంకొకడి పని విశ్రాంతి లేకపోవడానికి అలవాటుపడటం మీద. ఈ రెండు క్యాలెండర్లనీ ఒకే ఒంట్లో ఇమడ్చాలి. అందుకే 1973లో అమెరికన్ లీగ్ పిచర్ చేతిలోంచి బ్యాటు తీసేసి, అతని బదులు కొట్టడానికి డిజిగ్నేటెడ్ హిటర్ (డీహెచ్) అని వేరే మనిషిని పెట్టింది. 2022 నుంచి అమెరికన్, నేషనల్ రెండు లీగుల్లోనూ అదే నిబంధన. నాన్న ఇదంతా విని, "అయితే వీడికి రెండు జీతాలివ్వాలి" అన్నారు. అతన్ని తీసుకుంటూ డాడ్జర్స్ జట్టు పదేళ్ళకి 70 కోట్ల డాలర్లు రాసిచ్చిందని చెబితే ఇంక మాట్లాడలేదు.

సరే, అసలు పోలికకి వద్దాం. కాలాలు దాటి ఆటగాళ్ళని పోల్చడం దండగమారి పని అనేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. అంకెల్ని పక్కపక్కన పెట్టి ఎక్కువ తక్కువలు చూడటమే దండగ. ఆ అంకె వెనక ఉన్న శ్రమ ఏమిటో చూస్తే పోలిక పనికొస్తుంది.

దానికి దేవుడే అమర్చిపెట్టినట్టు ఒక జత ఉంది. 1918లో బాస్టన్ రెడ్ సాక్స్ తరఫున రూత్ వేసినవి 166 ఇన్నింగ్స్, ఆ పైన ఒక్క ఔటు. 2022లో లాస్ ఏంజెలెస్ ఏంజెల్స్ తరఫున ఓతాని వేసినవి సరిగ్గా 166. రూత్‌ది 13 గెలుపులు, 7 ఓటములు, తొమ్మిది ఇన్నింగ్స్‌కి ఇచ్చిన పరుగుల సగటు 2.22. ఓతానిది 15 గెలుపులు, 9 ఓటములు, సగటు 2.33. ఇక్కడిదాకా చూస్తే అన్నదమ్ములే.

ఇప్పుడు స్ట్రైకౌట్లు, అంటే బంతిని కొట్టలేకే ఔటైన బ్యాటర్ల లెక్క చూడండి. ఆ 166 ఇన్నింగ్స్‌లో రూత్ 40 మందిని స్ట్రైకౌట్ చేశాడు. ఓతాని 219 మందిని.

ఈ తేడాని "ఓతాని అయిదింతలు గొప్ప పిచర్" అని చదివేవాళ్ళు తొందరపడుతున్నట్టే. రూత్ ఆ ఏడు మొదలుపెట్టిన 19 ఆటల్లో 18 చివరిదాకా తానే వేశాడు. 2022లో ఓతాని 28 ఆటలు మొదలుపెట్టి ఒక్కటి కూడా చివరిదాకా వేయలేదు. అంటే ఇద్దరూ ఒకే పని చేయలేదు. రూత్ కాలంలో పిచర్ పొద్దుగూకేదాకా వేయాలి కాబట్టి సత్తువ దాచుకుని వేసేవాడు. దాచుకోవడానికి వీలుండేది కూడా. ఆట మొత్తం దాదాపు ఒకే బంతి, మట్టికొట్టుకుపోయి, మెత్తబడి, ఎంత కొట్టినా దూరం పోయేది కాదు. ఉమ్మి పూసి విసరడం కూడా చట్టబద్ధమే. బ్యాటర్లు బ్యాటుని సగం దాకా పట్టుకుని బంతిని ఖాళీల్లోకి తోసేవాళ్ళు. 1916లో రూత్ 323 ఇన్నింగ్స్ పైచిలుకు వేసి ఒక్క హోమ్ రన్ కూడా ఇవ్వలేదంటే రూత్ గొప్పతనం సగం, బంతి గొప్పతనం సగం. ఓతాని ఎదుట నిలబడ్డ తొమ్మిదిమందిలో ఎవడైనా, ఏ బంతినైనా స్టాండ్స్‌లోకి పంపగలడు. ఊపిరి తీసుకునే బంతి అంటూ ఉండదు. ఆ ఖరీదు మోచెయ్యి కట్టింది: 2018 అక్టోబరులో ఒక ఆపరేషన్, 2023 సెప్టెంబరులో ఇంకోటి. పిచింగ్ వల్ల రూత్ మోచేతి మీద కత్తి పడలేదు.

బ్యాటు వైపు తిరిగితే తూకం అంత తేలిగ్గా తేలదు. 1918లో రూత్ 95 ఆటల్లో 382 సార్లు బ్యాటింగ్‌కి వచ్చాడు, ఓతాని 2022లో 157 ఆటల్లో 666 సార్లు. పిచింగ్ భారం సమానమే, బ్యాటింగ్ భారం ఒకటీ ముప్పావు రెట్లు. కానీ తన కాలంవాళ్ళ మధ్య రూత్ ఎంత ఎత్తున ఉన్నాడో చూస్తే కళ్ళు తిరుగుతాయి. 1919లో అతను 29 హోమ్ రన్‌లు కొట్టాడు. ఆ ఏడు అమెరికన్ లీగ్‌లో అతని తర్వాతి స్థానంలో ఉన్నవాళ్ళు కొట్టింది పదేసి. ఓతాని ఏ ఏడూ తన తోటివాళ్ళని అంత దూరం వెనక్కి నెట్టలేదు. 2022లోనే అతను 34 కొడితే ఏరన్ జడ్జ్ 62 కొట్టి ఎంవీపీ (ఆ ఏటి మేటి ఆటగాడి అవార్డు) పట్టుకుపోయాడు.

పైగా పిచింగ్ లేని రోజున రూత్ ఎండలో లెఫ్ట్ ఫీల్డ్‌లోనో ఫస్ట్ బేస్ దగ్గరో నిలబడ్డాడు. ఓతాని డగౌట్‌లో కూర్చుని, వంతు వచ్చినప్పుడు వచ్చి కొట్టి పోతాడు. పిచింగ్ కూడా ఏంజెల్స్ అతని కోసమని ఆరుగురు పిచర్ల వరస పెట్టారు కాబట్టి వారానికి ఒకసారే. మా ఆఫీసులో బాస్టన్ నుంచి వచ్చిన పెద్దాయన ఒకాయన ఉన్నారు. ఓతాని పేరెత్తితే చాలు ఇదే పాయింటు: "అతను గ్లవ్ తొడుక్కునేది వారానికి ఒక రోజు. దాన్ని టూ-వే అంటావా?" నేను ఆయనతో ఎంత వాదించినా ఈ ముక్క దగ్గర కొంచెం తగ్గాల్సిందే. ఫీల్డింగ్ కూడా ఆటే.

కానీ రూత్ ఆడిన ఆ లీగ్ ఏమిటో కూడా పెద్దాయన చెప్పాలి కదా! పదహారు జట్లు, సెయింట్ లూయిస్‌కి పడమర ఒక్కటీ లేదు. ఆటగాళ్ళు తెల్లవాళ్ళు, తెల్లవాళ్ళుగా చెలామణీ కాగలిగినవాళ్ళు. 1918లో అయితే యుద్ధం ఒకటి, జట్లలో చాలామంది సైన్యంలోకో ఓడల కార్ఖానాల్లోకో పోయారు. సీజనే 140 ఆటల్లోపు ముగించేశారు. ఓతాని ఎదుట డొమినికన్‌లు, వెనిజులావాళ్ళు, క్యూబన్‌లు, కొరియన్‌లు, తన సొంత జపాన్‌వాళ్ళు కూడా ఉన్నారు. ప్రపంచమంతా గాలించి తెచ్చిన లీగ్ అది.

రూత్‌ని నేను కిందకి దింపడానికి అసలు కారణం మాత్రం ఇదేదీ కాదు. అతను ఈ పని చేసింది రెండేళ్ళు. అదీ బలవంతాన.

1914 నుంచి 1917 దాకా రూత్ పిచర్. అప్పుడు పిచర్లందరూ బ్యాటు పట్టేవాళ్ళే, ఇతను వాళ్ళకన్నా చాలా బాగా కొట్టేవాడు, అంతే. 1920 నుంచి బ్యాటర్. న్యూయార్క్ యాంకీస్‌లో ఉన్న పదిహేనేళ్ళలో మౌండ్ ఎక్కింది అయిదే అయిదు సార్లు. అయిదూ గెలిచాడు, అది వేరే ముచ్చట. రెండు పనులూ కలిసింది 1918లో, 1919లో. 1918 మే 6న న్యూయార్క్‌లో ఫస్ట్ బేస్ ఆటగాడికి దెబ్బ తగిలితే, పిచర్ కాని స్థానంలో రూత్‌ని మొదటిసారి దింపారు. ఆ రోజే ఒక హోమ్ రన్ కొట్టాడు. యుద్ధం వల్ల కొట్టేవాళ్ళు కరువైన జట్టుకి ప్రాణం లేచివచ్చింది. మేనేజర్ ఎడ్ బారో మాత్రం ఉన్న పిచర్‌ని పోగొట్టుకోడానికి ఇష్టపడలేదు. రూత్‌కేమో బ్యాటు రుచి తగిలాక మౌండ్ చేదయింది. చెయ్యి నొప్పి అన్నాడు, మణికట్టు అన్నాడు. జులైలో బారోతో గొడవపడి జట్టునే వదిలి పెన్సిల్వేనియాలో ఒక ఓడల కార్ఖానా జట్టు దగ్గరికి వెళ్ళిపోయి, కొన్నాళ్ళకి తిరిగొచ్చాడు. ఆ ఏడే ఒక బేస్‌బాల్ పత్రికతో మాట్లాడుతూ, వంతు ప్రకారం పిచింగ్ చేస్తూ మిగతా రోజుల్లో ఇంకో స్థానంలో ఆడటం ఏళ్ళ తరబడి ఎవరివల్లా కాదన్నాడు. తనకి వయసుంది కాబట్టి ఈ ఒక్క సీజన్‌కి సరే, చాలా సీజన్లకి హామీ ఇవ్వలేనన్నాడు.

మనిషి తన నోటితోనే చెప్పాడు. 1919లో 133 ఇన్నింగ్స్ వేసినా సగటు 2.97, ఆ ఏటి లీగ్ మొత్తం సగటుకి దగ్గర దగ్గరగా. అంటే రెండో ఏటికే పిచర్ రూత్ మామూలు పిచర్ అయిపోయాడు. ఆ డిసెంబరులో లక్ష డాలర్లకి యాంకీస్‌కి అమ్మేశారు. 1920లో 54 హోమ్ రన్‌లు కొట్టాడు, యాంకీస్ ఆటలకి వచ్చిన జనం ఏడాదిలో పది లక్షలు దాటారు. ఏ జట్టూ అంతకుముందు ఆ అంకె చూడలేదు. రోజూ టికెట్లు అమ్మిపెట్టే బ్యాటుని నాలుగు రోజులకోసారి మౌండ్ ఎక్కించి పాడుచేసుకునే యజమాని ఎవడుంటాడు?

ఇక్కడే నా పేచీ అంతా. రూత్ మానేశాడు కాబట్టి మానవమాత్రులవల్ల కాదని వందేళ్ళు నమ్మారు. వల్ల కాక మానలేదు, లాభం లేక మానారు. జట్టులో పాతికమంది ఉన్నప్పుడు ఒక్కడితో రెండు పనులు చేయించాల్సిన అగత్యం లేదు. అగత్యం ఉన్నచోట ఈ విద్య చావలేదు, రూత్ మానేసిన సంవత్సరమే ఇంకోచోట మొదలైంది.

1920లో నీగ్రో నేషనల్ లీగ్ పుట్టింది. ఆ ఏడే కాన్సాస్ సిటీ మోనార్క్స్‌లో చేరిన చార్లెస్ విల్బర్ రోగన్‌కి అప్పటికి ఇరవయ్యారేళ్ళు పైనే. అంతకుముందు ఏళ్ళ తరబడి సైన్యంలో ఉన్నాడు, నల్లజాతి సైనికుల 25వ ఇన్‌ఫాంట్రీలో. హవాయిలో ఆ రెజిమెంటు జట్టుకి ఆడేవాడు. ఆటగాడి ఒంటికి మంచి వయసంతా బారకాసుల్లో గడిచిపోయిందన్న మాట. మనిషి చూస్తే అయిదడుగుల ఏడంగుళాలే. చేతిలో బ్యాటు మాత్రం బండది. బంతి వేగానికే బుల్లెట్ అన్న పేరు. చెయ్యి పెద్దగా వెనక్కి తిప్పకుండా, నిలబడ్డ చోటనుంచే విసిరేవాడు.

నీగ్రో లీగ్స్ జట్లలో పద్నాలుగు, పదిహేనుమందే ఉండేవాళ్ళు. అంతకుమించి జీతాలివ్వడానికి, కార్లలో రైళ్ళలో తిప్పడానికి డబ్బుండేది కాదు. లీగ్ ఆటల మధ్య ఊరూరా తిరిగి స్థానిక జట్లతో ఆడితేనే పూట గడిచేది. అలాంటి జట్టులో పిచింగ్ లేని రోజున కూర్చోబెట్టే ఓపిక ఎవరికుంటుంది? రోగన్ ఇవాళ పిచింగ్, రేపు సెంటర్ ఫీల్డ్, ఎల్లుండి సెకండ్ బేస్. బ్యాటింగ్ వరసలో కూడా అడుగున కాదు, మధ్యలో, పరుగులు రావాల్సిన చోట. ఇలా ఒక ఏడూ రెండేళ్ళూ కాదు, 1920ల దశాబ్దమంతా. 1926 నుంచి జట్టు మేనేజర్ కూడా అతనే. బ్యాటింగ్ సగటు .330 (వెయ్యి ప్రయత్నాలకి 330 హిట్లు) పైన, పిచర్‌గా గెలుపులు వంద పైన ఉన్న మనిషిని ఇంకొకణ్ణి చూపించండి.

1924లో మోనార్క్స్ హిల్‌డేల్ జట్టుని ఓడించి మొట్టమొదటి కలర్డ్ వరల్డ్ సిరీస్ (నల్లజాతి లీగుల ఫైనల్) గెలిచారు. పిచింగ్ చేసిన రోజు పిచర్‌గా, మిగతా రోజుల్లో అవుట్‌ఫీల్డ్‌లో రోగన్ ఆడాడు. మరుసటి ఏడు మళ్ళీ అవే రెండు జట్లు తలపడ్డాయి. ఈసారి రోగన్ లేడు. ఇంట్లో పిల్లవాడితో ఆడుకుంటుంటే మోకాలి దగ్గర సూది దిగింది. మోనార్క్స్ ఓడిపోయారు. ఒక కుట్టుసూది జట్టులోంచి ఒకేసారి మంచి పిచర్‌నీ మంచి బ్యాటర్‌నీ తీసేసింది. ఇద్దరు చేసే పని ఒక్కడు చేస్తే వచ్చే లాభం ఎంతో, ప్రమాదం కూడా అంతే.

రోగన్ 1967లో పోయాడు. హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి (మేటి ఆటగాళ్ళ గౌరవ జాబితాలోకి) తీసుకున్నది 1998లో.

అతని అంకెల మీద ఒక అభ్యంతరం వస్తుంది, దాన్ని దాటవేయను. సీజన్‌కి లీగ్ ఆటలు తక్కువ. జట్ల మధ్య తేడా ఎక్కువ, కొన్ని బలమైనవి, కొన్ని వారం గడిస్తే చాలనుకునేవి. స్కోరు కాగితాలు దొరికినన్నే దొరికాయి. నిజమే. కానీ 1918 రూత్‌కి యుద్ధపు సీజన్‌ని మాఫీ చేసేవాళ్ళు రోగన్ దగ్గరికొచ్చేసరికి పైసాతో సహా లెక్క అడుగుతారేం? లీగ్ ఆటల్లో రూత్ ఎదుట రోగన్ బంతి వేయలేదు, రోగన్ ఎదుట రూత్ వేయలేదు. గోడ ఇద్దరికీ అడ్డే.

ఇంకా దక్షిణానికి పోతే క్యూబాకి చెందిన మార్తిన్ దిహిగో ఉన్నాడు. 1938లో మెక్సికన్ లీగ్‌లో వెరాక్రూస్ జట్టుకి పిచర్‌గా 18 గెలుపులు, 2 ఓటములు, సగటు 0.90. అదే లీగ్‌లో అదే ఏడు .387 కొట్టి బ్యాటింగ్‌లోనూ మొదటి స్థానం. ఈ వాక్యం నేను మొదటిసారి చదివినప్పుడు అచ్చుతప్పేమో అనుకుని ఇంకోచోట వెతికాను. అచ్చుతప్పు కాదు. క్యూబా, మెక్సికో, అమెరికా, మూడు దేశాల హాల్ ఆఫ్ ఫేమ్‌లలోనూ ఉన్నాడు. జట్టులో అతను ఆడని స్థానం లేదంటారు. రోగన్ కన్నా దిహిగోనే మేటి అని ఎవరైనా వాదిస్తే నేను పెద్దగా ఎదురు చెప్పను. అయితే అతని ఆట నాలుగైదు దేశాల లీగుల్లో చెల్లాచెదరుగా ఉంది కాబట్టి ఒక తక్కెడలో వేయడం కష్టం.

పంతొమ్మిదో శతాబ్దంవాళ్ళని మాత్రం నేను పక్కన పెట్టేస్తాను. గై హెకర్ అని ఒకాయన 1886లో అమెరికన్ అసోసియేషన్‌లో బ్యాటింగ్‌లో మొదటివాడు, పిచర్‌గా 26 గెలుపులు. వినడానికి బాగుంటుంది. అప్పుడు పిచర్ నిలబడింది 50 అడుగుల దూరంలో. ఇప్పుడున్న 60 అడుగుల ఆరంగుళాలు 1893లో వచ్చింది. ఆ ఆట వేరు.

ఇక ఓతాని. 2025 అక్టోబరు 17 రాత్రి డాడ్జర్ స్టేడియంలో మిల్వాకీ బ్రూవర్స్‌తో నేషనల్ లీగ్ ఛాంపియన్‌షిప్ నాలుగో ఆట. అంతకుముందు కొన్ని వారాలుగా అతని బ్యాటు మూగబోయి ఉంది. మొదటి బ్యాటర్‌కి వాక్ ఇచ్చాడు, అంటే నాలుగు చెడ్డ బంతులేసి ఊరికే బేస్‌కి పంపాడు. తర్వాతి ముగ్గుర్నీ స్ట్రైకౌట్ చేశాడు. హెల్మెట్ పెట్టుకుని వచ్చి మొదటి హోమ్ రన్ కొట్టాడు. నాలుగో ఇన్నింగ్స్‌లో కొట్టింది కుడివైపు పెవిలియన్ పైకప్పు మీదుగా పోయింది, 469 అడుగులు. ఏడో ఇన్నింగ్స్ మొదట్లో ఇద్దర్ని బేస్‌ల మీదకి రానిచ్చాక మౌండ్ దిగాడు: ఆరు ఇన్నింగ్స్ పైన, పది స్ట్రైకౌట్లు, ఒక్క పరుగు కూడా ఇవ్వలేదు. అదే ఇన్నింగ్స్ రెండో సగంలో మళ్ళీ వచ్చి మూడో హోమ్ రన్.

ఆ మూడోది కొట్టినప్పుడు అతను పిచర్ కాదని గమనించారా? 2022కి ముందైతే డీహెచ్ లేకుండా తానే బ్యాటింగ్ చేసే పిచర్ మౌండ్ దిగితే, ఏ అవుట్‌ఫీల్డ్‌కో పంపితే తప్ప ఆటలోంచే బయటకి పోవాలి. 2022లో నిబంధన మార్చారు. పిచర్‌గా, డీహెచ్‌గా ఒకే మనిషి మొదలుపెడితే, పిచింగ్ మానేశాక కూడా డీహెచ్‌గా ఉండిపోవచ్చు. పేరుకి అందరి కోసం, ఊరంతా పిలిచేది ఓతాని రూల్ అని. జట్టులో పిచర్లు పదమూడుమందికి మించకూడదన్న లెక్కలో కూడా టూ-వే ఆటగాడు రాడు. అంటే కాలం ఓతానికి దారి వేసిపెట్టింది, రూత్‌కీ రోగన్‌కీ అలా వేయలేదు. మా బాస్టన్ పెద్దాయన దీన్ని "వెసులుబాటు" అంటారు. నేనంటాను, వెసులుబాటు అందరికీ ఉంది, మరి ఆ వెసులుబాటు వాడుకుని నలభై హోమ్ రన్‌లూ పది గెలుపులూ తెచ్చినవాడు ఇంకొకడెవడు?

అలాగని అతనికి అడ్డూ ఆపూ లేదని చెప్పను. 2025లోనే వరల్డ్ సిరీస్ (ఫైనల్) మూడో ఆట పద్దెనిమిది ఇన్నింగ్స్ సాగింది. ఓతాని తొమ్మిదిసార్లు బేస్ చేరాడు. మర్నాడు పిచింగ్ వంతు అతనిదే. ఆరు ఇన్నింగ్స్ దాటించాడు గానీ నాలుగు పరుగులిచ్చి ఓడాడు. ఏడో ఆటలో చాలినంత విశ్రాంతి లేకుండా మౌండ్ ఎక్కి మూడో ఇన్నింగ్స్‌లోనే మూడు పరుగుల హోమ్ రన్ ఇచ్చుకున్నాడు. మిగతావాళ్ళు ఆదుకుని కప్పు గెలిపించారు. 2018 నుంచి ఎనిమిది సీజన్లు లెక్కేస్తే, రెండు పనులూ ఏడాది పొడుగునా చేసినవి 2021, 2022, 2023, అంతే. ఆ మూడో ఏడు కూడా ఆగస్టులో మోచేతి లిగమెంటుతో ఆగిపోయింది. 2018, 2025 సగం సగం. 2019, 2024లో మౌండ్ ఎక్కనే లేదు. 2020లో ఎక్కాడన్న పేరే.

ఆ మూడేళ్ళు మాత్రం ఎవరికీ అందనివి. 2023 జులై 27న డెట్రాయిట్‌లో ఒకే రోజు రెండు ఆటలు. మొదటిదాంట్లో తొమ్మిది ఇన్నింగ్స్ తానే వేసి ఒకే ఒక్క హిట్ ఇచ్చి గెలిచాడు, మేజర్ లీగ్స్‌లో చివరిదాకా వేయడం అతనికదే మొదలు. గంట తిరక్కుండా రెండో ఆటలో దిగి రెండు హోమ్ రన్‌లు కొట్టాడు. కండరాలు పట్టేసి మధ్యలో బయటికొచ్చాడు. రోగన్ బతికుంటే ఆ పట్టేయడం ఏమిటో అందరికన్నా బాగా అతనికి తెలిసేది.

కాబట్టి నా తీర్పు ఇదీ. శిఖరం ఎవరిదంటే ఓతానిది, 2021 నుంచి 2023 దాకా. ఏళ్ళ తరబడి, ఫీల్డింగ్ సహా, ఈ పనినే వృత్తిగా బతికినవాడు ఎవరంటే రోగన్. రూత్ వీళ్ళ తర్వాత. అతని గొప్పతనం ఈ పని వదిలేశాక వచ్చింది. 714 హోమ్ రన్‌లలో బాస్టన్ రెడ్ సాక్స్‌కి ఆడుతూ కొట్టినవి 49.

పెద్దాయన దీనికి ఒప్పుకోరు. ఓతాని వచ్చాడు కాబట్టి ఇక ఈ వాదనలన్నీ పాతబడతాయి, ఇలాంటి కుర్రాళ్ళు బోలెడుమంది వస్తారు అంటారు. ఆ మాట కూడా నేను నమ్మను. పాల్ స్కీన్స్‌ని చూడండి. ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో క్యాచర్‌గా బ్యాటింగ్, మిగతా రోజుల్లో పిచింగ్, 2022లో కాలేజీ టూ-వే ఆటగాళ్ళకిచ్చే జాన్ ఓలెరుడ్ అవార్డు అతనిదే. ఎల్‌ఎస్‌యూకి (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) మారగానే పిచింగ్ ఒక్కటే చూసుకోమన్నారు. 2023లో పిట్స్‌బర్గ్ పైరేట్స్ అందరికన్నా ముందు ఏరుకున్నారు, పిచర్‌గా. ఫ్లోరిడా యూనివర్సిటీలో రెండూ చేసిన జాక్ కాగ్లియానోన్‌ని 2024లో కాన్సాస్ సిటీ రాయల్స్ తీసుకుని బ్యాటు చేతికిచ్చి బంతి లాగేసుకున్నారు, అదీ రోగన్ ఆడిన ఊళ్ళో. ఒక్కడి మోచేతికి ఏమవుతుందోనన్న భయం, ఇంకో ఇరవై అయిదుమంది ఉన్నారన్న ధీమా, 1920లో ఉన్నవే ఇప్పుడూ ఉన్నాయి. స్కీన్స్ 2025లో నేషనల్ లీగ్ మేటి పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు తీసుకున్నాడు. డీహెచ్ నిబంధన ఉంది కాబట్టి పైరేట్స్‌కి అతని బ్యాటుతో పనే పడలేదు.